పాట నడక, లయ సంఖ్య: కొల్లేటి సీమ గేయముల సూచికకు పూర్వరంగము

1. విషయ ప్రస్తావన

పాటను గ్రంథమున కెక్కించినపుడు మొదట జారిపోవునది దాని నడక. సాహిత్యము అక్షరములలో నిలుచును. రాగము పేరుతో నిలుచును. తాళము పేరుతోను, అంగములతోను నిలుచును. ఆ తాళమును ఎంత నెమ్మదిగా, లేక ఎంత వడిగా వేయవలెనను విషయము మాత్రము గురువు చేతిలోను, పాడువారి ఊపిరిలోను ఉండిపోవును. తెలుగు పాటల వ్రాతప్రతులను, అచ్చు ప్రతులను పరిశీలించిన వారికి ఈ సంగతి తెలిసినదే.

నేడు ధ్వనిముద్రికలు డిజిటల్ సంగీత భాండాగారములలో చేరుచున్నవి. అచట స్థితి తలక్రిందైనది. యంత్రము ప్రతి పాటకును నిమిషమునకు ఇన్ని దెబ్బలని ఒక సంఖ్య నిచ్చుచున్నది. కాని ఆ దెబ్బ యే తాళమునకు చెందినదో, ఆ తాళములో దేనిని దెబ్బగా లెక్కించినదో చెప్పుట లేదు. పూర్వులు తాళమును చెప్పి కాలప్రమాణమును విడిచిరి. యంత్రము కాలప్రమాణమును చెప్పి తాళమును విడిచినది. ఈ రెండింటిని ఒకే పట్టికలో కూర్చుట యెట్లు అనునది ఈ వ్యాసమునకు విషయము.

ఈ విచారమునకు ఆకివీడు పరిసరములను క్షేత్రముగా గ్రహించుటకు కారణములు రెండు కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆకివీడు, కొల్లేటి నీటిని సముద్రమునకు గొనిపోవు ఉప్పుటేరునకు చేరువ నున్నది. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ నున్న యీ పల్లపు సీమయందు నిదానముగా పాడు పదమును, వడిగా సాగు దరువును, పనిపాటును ఒండొంటికి చేరువనే పెరిగినవి. క్షేత్రయ్య మొవ్వయు, భాగవతుల కూచిపూడియు కృష్ణా డెల్టాలోనివే. ఇది మొదటి కారణము. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 లోను, బెజవాడ ఆనకట్ట 1855 లోను పూర్తియైన పిదప ఈ సీమ వరిపొలముల సీమ యైనది. ఆ పొలములలో పెక్కు 1980 దశకము నుండి చేపల చెఱువులైనవి. కొల్లేరు 1999 లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002 లో రాంసార్ చిత్తడి నేలల పట్టికలో చేరినది. 2006 లో అభయారణ్యపు హద్దులోని చేపల చెఱువుల గట్లు పెద్దయెత్తున త్రెంచబడినవి. నేలయొక్క యీ మార్పులతో నేలమీది పనులు మాఱినవి. పనులతో కూడిన పాటల నడకకు నేడు పొలము సాక్ష్యము చెప్పజాలదు. ధ్వనిముద్రిక యొక్కటే చెప్పవలెను. ఆ ముద్రికపై తప్పు సంఖ్య వేసినచో దానిని దిద్దుకొనుటకు తిరిగి పోదగిన చోటు లేదు. కావున ఇది కేవలము గ్రంథాలయపు లెక్క కాదు.

2. శాస్త్రములందు లయ

భరతుని నాట్యశాస్త్రము మొదలు మన సంగీతశాస్త్రములు లయను మూడు విధములుగా చెప్పినవి: విలంబితము, మధ్యము, ద్రుతము. 13వ శతాబ్ది నాటి శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరము ఈ మూడింటికి గల సంబంధమును స్పష్టముగా నిర్ణయించినది. ఒక క్రియకు మరియొక క్రియకు నడుమనున్న విశ్రాంతియే లయ. ద్రుతమందలి విశ్రాంతికి రెట్టింపు మధ్యమునందును, దానికి రెట్టింపు విలంబితమునందును ఉండును. అనగా మూడు లయల కాలములు ఒకటి, రెండు, నాలుగు అను పాళ్ళలో నుండును. ఇది సాపేక్షమైన కొలత. మధ్యమము ఎంతయో తెలియనిదే తక్కిన రెండును తెలియవు.

అట్లని శాస్త్రకారులు నిరపేక్షమైన కొలతను తలపెట్టకపోలేదు. ఐదు లఘ్వక్షరములను పలుకుటకు పట్టు కాలమును మాత్ర యని సంగీతరత్నాకరము నిర్వచించినది. గడియారము లేని కాలమున మనుష్యుని నాలుకనే గడియారముగా గైకొనిన నిర్వచన మిది. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. కొలత మాటలో నుండి పుట్టినది గాని, యంత్రము నుండి కాదు. పలుకువాని వడిని బట్టి మాత్ర కొంత సాగును, కొంత కుదియును. నిర్వచనములో దీనిని లోపమనుటకంటె స్వభావమనుట మేలు. ఏలయన పాటయందలి కాలము పాడువాని నుండి వేఱుగా నుండునది కాదు.

తెలుగుదేశమున ఈ శాస్త్రమునకు గట్టి ప్రతినిధి జాయపసేనాని. కృష్ణా డెల్టాలోని దివిసీమ నేలిన అయ్యవంశమునకు చెందిన ఇతడు కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి. ఇతని నృత్తరత్నావళి 1253-54 నాటిదని పండితుల నిర్ణయము. మార్గ నృత్తముతోపాటు దేశి నృత్తములకును సమానమైన గౌరవ మిచ్చిన గ్రంథమిది. శాస్త్రమునకును జనపదమునకును నడుమ గోడ కట్టరాదను బుద్ధి ఈ సీమకు క్రొత్తది కాదనుటకు ఇతడే నిదర్శనము.

3. తెలుగు వ్రాతలో నిలిచినది, నిలువనిది

తెలుగు లాక్షణికులు తాళమును ఛందస్సులోనికి దెచ్చిన తీరు రగడలందు కనబడును. మూడు మాత్రల గణములతో నడచునది హయప్రచారము, నాలుగింటితో మధురగతి, ఐదింటితో ద్విరదగతి, ఏడింటితో వృషభగతి. వీనికి క్రమముగా రూపకము, ఏకతాళము, జంపె, త్రిపుట అను తాళములను వారు పేర్కొనిరి. పేర్లలోని గుఱ్ఱమును, ఏనుగును, ఎద్దును గమనింపుడు. గణములోని మాత్రల సంఖ్య నడక యొక్క అమరికను మాత్రమే చెప్పును. పేరు ఆ నడక యొక్క బరువును గూడ స్ఫురింపజేయును. ఐనను గజగమనమునకు ఇన్ని క్షణములని ఎవరును వ్రాయలేదు. ఏనుగు నడకను చూచినవానికి సంఖ్య యవసరము లేదు. చూడనివానికి సంఖ్య చాలదు.

తాళ్ళపాక కవుల రాగిరేకులు మరియొక విధమైన సాక్ష్యము. అన్నమాచార్యుడు 1408 మొదలు 1503 వఱకు జీవించెను. రేకులపై సంకీర్తనలకు రాగము పేరు కలదు. తాళము పేరు సామాన్యముగా లేదు. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటలలో అనేకమునకు 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు స్వరరచన చేసిరి. కావున ఒక ముద్రికలో వినబడు కాలప్రమాణము 15వ శతాబ్దిది కాదు. ఆ స్వరకర్తది, ఆ గాయకునిది. ఈ సంగతి సూచికను కూర్చువారికి మొదటి పాఠము కావలెను: కాలప్రమాణము కృతికి చెందిన లక్షణము కాదు, ముద్రికకు చెందినది. ఒకే కృతికి పది ముద్రికలున్నచో పది సంఖ్యలుండును. సంఖ్యను కృతి పేరుతో ముడిపెట్టిన పట్టిక ఆరంభముననే దారి తప్పును.

17వ శతాబ్ది వాడైన క్షేత్రయ్య పదములకు రాగతాళములు రెండును పేర్కొనబడి మనకు వచ్చినవి. ఏడు అక్షరముల త్రిపుట తాళమున సాగు పదములు వీనిలో పెక్కు. వీనిని చౌకకాలమున పాడు సంప్రదాయమును మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867-1938) కుటుంబము తరతరములుగా కాపాడినది. మొవ్వ పదము యొక్క నెమ్మది కృష్ణాతీరపు తాళపత్రమున గాక, చెన్నపట్టణపు కంఠమున నిలిచినదన్నమాట. సంప్రదాయము తెగియుండినచో త్రిపుట అను మాట మిగులును గాని, ఆ నిదానము మిగిలెడిది కాదు.

స్వరలిపియందు తెలుగున గొప్ప ప్రయత్నము సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904 లో ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చైన యీ గ్రంథము హ్రస్వ దీర్ఘములచేతను, స్వరములపై గీతలచేతను కాలభేదములను చూపినది. ఒక గీత గీచినచో స్వరకాలము సగమగును; రెండు గీచినచో పాతిక యగును. గమకములకు గూడ గుర్తులు కలవు. ఇంతటి సూక్ష్మమైన లిపియందును ఆ గీతలు చెప్పునది స్వరమునకు స్వరమునకు గల పాళ్ళనే. ఐరోపాలో అప్పటికే మెట్రోనోము వాడుకలో నుండెను. మేల్జెల్ 1815 లో దానికి హక్కుపత్రము పొందెను. 1817 లో బీథోవెన్ తన సింఫనీలకు నిమిషమునకు ఇన్ని దెబ్బలని సంఖ్యలను ప్రకటించెను. మన గాయకునకు ఆ యంత్రముతో పనిబడకపోవుటకు కారణము అజ్ఞానము కాదు. మన సంగీతమున కాలప్రమాణమును గాయకుడు తన గాత్రమునకు, కృతి భావమునకు, సభకు తగినట్లు ఎన్నుకొనును. ఎన్నుకొనిన పిదప దానిని చెదరనీయకుండ నిలుపుట అతని విద్య. ఎన్నుకొనుట స్వేచ్ఛ, నిలుపుట నియమము. స్వేచ్ఛను సంఖ్యతో కట్టివేయుటకు శాస్త్రము పూనుకొనలేదు.

4. పలక, పట్టి, ఆకాశవాణి

ధ్వనిముద్రణము వచ్చిన పిదప కాలప్రమాణము మొదటిసారిగా మనుష్యుని వెలుపల నిలిచినది. గ్రామఫోను సంస్థ తరపున ఫ్రెడ్ గైస్బర్గ్ 1902 లో కలకత్తాకు వచ్చి పాటలను ముద్రించెను. అటుపిమ్మట దక్షిణదేశపు గాయకుల పాటలును పలకల కెక్కినవి. పది అంగుళముల పలక యొక్క ఒకవైపున పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల పాట. పాటను కుదించుటయో, వడిని పెంచుటయో గాయకునకు తప్పెడిది కాదు. కావున పలకమీది నడకను సభలోని నడకగా భావించుటకు ముందు పలక కొలతను తలచుకొనవలెను.

రెండవ చిక్కు పలక తిరుగు వేగము. నిమిషమునకు 78 చుట్లను కొలత 1920 దశకమున గాని స్థిరపడలేదు. అంతకుముందు పలకలు కొన్ని తక్కువ వేగమునను, కొన్ని ఎక్కువ వేగమునను ముద్రింపబడెను. 75 చుట్ల వేగమున ముద్రించిన పలకను 78 చుట్ల వేగమున త్రిప్పి డిజిటల్ రూపమునకు మార్చితిమనుకొందము. పాట నూటికి నాలుగు వంతులు వడి హెచ్చును. దానితోపాటు శ్రుతియు అర్ధస్వరములో ఇంచుమించు మూడింట రెండు వంతులు పైకి పోవును. నడక, శ్రుతి రెండును ఒకే కీలుకు కట్టబడియున్నవి. ఒకటి చెడినచో రెండవదియు చెడును. ఒకటి నిశ్చయమైనచో రెండవదానిని దిద్దవచ్చును. శ్రుతి తెలిసిన హార్మోనియము పాట వెనుక వినబడుచున్నచో అది కాలప్రమాణమునకు గూడ సాక్షి యగును.

టేపు పట్టీలందును ఇదే న్యాయము. సెకనుకు 7½ అంగుళముల వేగమున పట్టిన దానిని 3¾ అంగుళముల వేగమున వినినచో శ్రుతి ఒక స్థాయి క్రిందికి దిగును. ఆ దోషమును పిల్లవాడైనను గుర్తించును. యంత్రము కొంచెము బడలిక చెంది నూటికి రెండు మూడు వంతులు నెమ్మదించిన దోషము మాత్రము చెవికి దొరకదు, సంఖ్యలో చేరిపోవును.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. డెల్టా జిల్లాల పాటలకు అది పెద్ద నెలవైనది. అదే కాలమున సాహిత్య రంగమున నేదునూరి గంగాధరము జానపద గేయములను సేకరించి ప్రకటించెను. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ఈ పాటలకు విశ్వవిద్యాలయమున పీఠము వేసినది. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ గూడ 1958 లోనిదే. ఈ కృషి లేకున్నచో పాఠములే మిగిలియుండెడివి కావు. కాని అచ్చు పుస్తకము పాఠమును కాపాడగలదు, నడకను కాపాడజాలదు. రేడియో నడకను కాపాడగలదు. ఐనను స్టూడియోలో కూర్చుండి పాడిన ఊడ్పు పాట పొలములో వంగి పాడిన ఊడ్పు పాట కాదు. నడుము వంచినపుడు ఊపిరి ఒక తీరు, చాపపై కూర్చున్నపుడు మరియొక తీరు.

5. యంత్రము లయను వెదకు తీరు

ధ్వనిలో దెబ్బ తగిలినచోట బలము హఠాత్తుగా పెరుగును. యంత్రము మొదట ఆ పెరుగుదలలను వరుసగా గుర్తించును. పిదప ఆ వరుసను కొంచెము కొంచెముగా ముందునకు జరుపుచు దానిని దానితోనే పోల్చును. ఎంత జరిపినపుడు వరుస తనతో తాను బాగుగా కలియునో అంతయే దెబ్బకు దెబ్బకు నడుమ కాలమని నిర్ణయించును. ఎరిక్ షైరర్ 1998 లో ప్రకటించిన పద్ధతియు, దానికి తరువాత వచ్చినవియు వివరములలో భిన్నములైనను, మూలమున ఈ ఆవృత్తినే వెదకును.

చిక్కు ఇచటనే కలదు. ఒక కాలమునకు తనతో కలిసిన వరుస దానికి రెట్టింపు కాలమునకును కలియును. నడుమ చిన్న దెబ్బలున్నచో సగము కాలమునకును కలియును. వీనిలో నేది ‘దెబ్బ’ యో ధ్వనిలో వ్రాసియుండదు. వినువాని సంప్రదాయములో నుండును. అందుచే యంత్రము రెట్టింపు గాని, సగము గాని చెప్పుట ఈ విద్యలో అతి సామాన్యమైన దోషము. బార్సిలోనాలో 2004 లో జరిగిన సంగీత సమాచార సదస్సున యంత్రపద్ధతులకు పోటీ పెట్టినపుడు రెండు కొలతలు వాడిరి. ఒకదానియందు యంత్రపు సంఖ్య సరియైన సంఖ్యకు నూటికి నాలుగు వంతుల లోపున నుండవలెను. రెండవదానియందు రెట్టింపు, సగము, మూడు రెట్లు, మూడవ వంతు చెప్పినను ఒప్పుగా నెంచిరి. రెండవ కొలత పెట్టవలసి వచ్చుటయే సమస్య యొక్క స్వభావమును తెలుపుచున్నది. మరియొక సంగతి: నూటికి నాలుగు వంతులనగా పైన చెప్పిన 75, 78 చుట్ల భేదమంత. పలక వేగపు దోషము అంతయు యంత్రము ఒప్పనుకొను మేరలోనే దాగిపోవును.

సంశయము కలిగినపుడు యంత్రము నడిమి వేగమువైపు మొగ్గునట్లు పెక్కు పద్ధతులు కూర్పబడినవి. డేనియల్ ఎల్లిస్ 2007 లో ప్రకటించిన పద్ధతి నిమిషమునకు 120 దెబ్బల చుట్టుపట్లను అధిక సంభావ్యముగా నెంచును. దీని ఫలమును ఒక ఊహా గణితముతో చూతము. త్రిపుటలో ఒక పదమును అక్షరమునకు రెండు సెకనుల చొప్పున పాడిరనుకొందము. ఆవృత్తి 14 సెకనులు. అక్షరములు నిమిషమునకు 30. యంత్రము అక్షరమునందలి నాలుగవ భాగమును దెబ్బగా గ్రహించినచో 120 అని చెప్పును. గణితమున అది అబద్ధము కాదు. కాని భాండాగారములో 120 అని వెదకిన విద్యార్థికి చౌకకాలపు పదమును, జాతరలోని కోలాటమును ప్రక్కప్రక్కన కనబడును. సంఖ్య నిజము, సూచిక అసత్యము.

కర్ణాటక సంగీతమునకు ప్రత్యేకముగా ఈ పరిశోధన జరుగకపోలేదు. బార్సిలోనా నగరపు పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున షావియేర్ సెర్రా నడపిన కాంప్‌మ్యూజిక్ ప్రణాళిక (2011-2017) కర్ణాటక, హిందుస్థానీ మొదలగు సంప్రదాయములను వాని పరిభాషతోనే పరిశీలింప బూనినది. అజయ్ శ్రీనివాసమూర్తి సిద్ధాంత వ్యాసము (2016) ఆది, రూపకము, మిశ్రచాపు, ఖండచాపు తాళముల ముద్రికలలో సమమును, దెబ్బలను చేతితో గుర్తించి, యంత్రము ఆవృత్తినే మొత్తముగా వెదకునట్లు చేసినది. దెబ్బకు బదులు ఆవృత్తిని ముఖ్యముగా గ్రహించుట ఇందలి మేలిమి. ఏడక్షరముల చాపు తాళమున దెబ్బలు సమానదూరమున నుండవు. సమానమైన దెబ్బలనే యూహించు యంత్రము దానిని పట్టజాలదు. ఎత్తుగడ సమముననే యుండవలెనను నియమమును మన పాటలకు లేదు.

6. రోకలి, గడ, ఊడ్పు

శాస్త్రీయ సంగీతమునకు తాళము పేరైనను కలదు. పనిపాటకు పేరు లేదు. పనియే దాని తాళము. దంపుడు పాటను గైకొందము. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు మార్చి మార్చి రోకలి వేయుదురు. ఒక్కొక్కతె నిమిషమునకు 40 పోట్లు వేసినదనుకొన్నచో రోటినుండి 80 చప్పుళ్ళు వినబడును. ముగ్గురు చేరినచో 120 అగును. యంత్రము చప్పుళ్ళను లెక్కించును. పాడు స్త్రీ చేయి ఎత్తి దించుటను లెక్కించును. మూడవ మనిషి చేరినంతమాత్రమున ఆమె పాట వడి హెచ్చలేదు. ఇచట 40, 80, 120 అను మూడును నిజములే. ఏది దేని లెక్కయో వ్రాయనిచో మూడును నిష్ప్రయోజనములు.

కొల్లేటి లోతు తక్కువ. తాటిదోనెను, చిన్న పడవను గడతో పొడిచి నడపుదురు. గడను నేలకు దింపుట, దానిపై బరువు మోపుట, పడవ జారుట, గడను పైకి తీయుట అను నాలుగు చేష్టలు కలిసి ఒక ఆవృత్తి. వీనిలో చప్పుడు చేయునది దాదాపు లేదు. పాట కంఠముతోనే సాగును. కంఠస్వరము దెబ్బవలె తెగి లేవదు, జారుచు లేచును. అట్టి ముద్రికయందు యంత్రము నీటి చప్పుడునో, గాలినో దెబ్బగా గ్రహింపవచ్చును. కాలువ గట్టున త్రాడు పట్టి పడవను లాగువారి పాటయందు అడుగే దెబ్బ. గడపాట, లాగుడు పాట రెండును ‘పడవ పాట’ యనబడినను వాని నడకలు ఒకటి కావు. పట్టికలో ‘పడవ పాట’ యని మాత్రమే వ్రాసిన పండితుడు యంత్రము చేసిన తప్పునే మాటలతో చేసినవాడగును.

ఊడ్పులందు స్త్రీలు వరుసగా వంగి వెనుకకు నడచుచు నాఱు నాటుదురు. ఒకతె యెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. కట్ట విప్పుట, నాటుట, అడుగు వెనుకకు వేయుట దీని ఆవృత్తి. మిట్టమధ్యాహ్నపు నడక ఉదయపు నడక కాదు. జాతరపాటలందు మార్పు ఇంకను స్ఫుటము. ఫాల్గుణ మాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరుగును. జాతరలలో సాగు కోలాటము, భజన మొదలగునవి నెమ్మదిగా ఆరంభించి క్రమముగా వడిని పెంచి తుద ముట్టించును. ఒక కోలాటము 80తో మొదలై 160తో ముగిసినదనుకొన్నచో దాని సగటు 120. ఆ 120 పాట నడుమ ఒక్క క్షణమున దాటిపోయిన గడప మాత్రమే. ఆ పాటకు ప్రాణము 80 కాదు, 160 కాదు, 120 కాదు. 80 నుండి 160 వఱకు ఎక్కిన మెట్ల వరుస. దానిని ఒక సంఖ్యగా కుదించుట దానిని తీసివేయుటయే.

చలనచిత్రములును ఈ పాటల నడకకు మన మనస్సులలో ఒక రూపము కల్పించినవి. 1955 నాటి ‘రోజులు మారాయి’ లో కొసరాజు రాఘవయ్యచౌదరి రచించిన ఏరువాక పాట ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము. తెరమీది నృత్యమునకు తగిన ఆ నడక తన స్థానమున రమ్యమైనదే. కాని అది పొలములోని నడకకు సాక్ష్యము కాదు. సూచికయందు రెండింటిని ఒకే పంక్తిలో చేర్చరాదు.

7. సూచికకు కావలసిన అంశములు

ధ్వనిఫలకములకు అతికించు సూచికలలో మిక్కిలి వ్యాప్తమైనది ఐడీ3 పద్ధతి. 1999 నాటి దాని రూపమున కాలప్రమాణమునకు ఒక గడి కలదు. పాట యొక్క ముఖ్యభాగమున నిమిషమునకు ఎన్ని దెబ్బలో అందు పూర్ణాంకముగా వ్రాయవలెను. ముఖ్యభాగమేదో, దెబ్బయేదో ఆ గడి అడుగదు. కాని అదే పద్ధతియందు మనకు తోచిన పేరుతో వేఱు గడులను కల్పించుకొను వీలును కలదు. కావున యంత్రమును నిందించుటకంటె గడులను చక్కగా నింపుట మేలు.

మొదటి గడిలో తాళము గాని, నడక గాని పాడువారు పిలుచు పేరుతోనే యుండవలెను. పేరు లేనిచోట ‘ఇద్దరి దంపుడు’, ‘గడపాట’ అని పనిని వ్రాయవలెను. రెండవది ఆవృత్తి కాలము, సెకనులలో. ఆదితాళము ఎనిమిది సెకనులకు ఒకమారు తిరిగినదని చెప్పినచో 60 యా, 120 యా అను వివాదమునకు తావులేదు. కావలసినవారు తమ దెబ్బను తామే లెక్కించుకొందురు. మూడవది, యంత్రము చెప్పిన సంఖ్య దేని లెక్కయో: అక్షరమా, అడుగా, రోకటి పోటా. నాలుగవది ఆరంభమునను, మధ్యమునను, అంతమునను వేర్వేరుగా కొలిచిన కాలములు. ఐదవది సందర్భము: పనిలోనా, పందిరిలోనా, స్టూడియోలోనా, చిత్రములోనా. ఆఱవది పలక లేక పట్టీ తిరిగిన వేగమును, శ్రుతియు. ఏడవది నిర్ణయించినది యంత్రమా, చెవియా. రెండును భేదించినచో రెండు సంఖ్యలును.

ఆవృత్తిని కొలుచుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. పది ఆవృత్తులను గడియారముతో కొలిచి పదింట భాగించినచో చాలును. ఎనిమిది సెకనుల ఆవృత్తికి పది ఆవృత్తులు 80 సెకనులు. చేతి తొట్రుపాటు సెకనులో ఐదవ వంతున్నను దోషము నూటికి పాతిక వంతే. యంత్రమునకు ఒప్పుకొనిన నాలుగు వంతులకంటె ఇది పదునాఱు రెట్లు సూక్ష్మము. ఇద్దరు విద్యార్థులు వేర్వేరుగా తాళము వేసి చూచుట ఇంకను మేలు. వారి సంఖ్యలు కొంచెము భేదించినచో కొలతలోని లోపము; సరిగా రెండు రెట్లో, మూడు రెట్లో భేదించినచో అది లోపము కాదు, పాటలోని అంతస్తులు బయటపడుట. దానిని దిద్దక రెండింటిని వ్రాసికొనవలెను.

విలంబిత, మధ్య, ద్రుతములను మాటలను సంఖ్యల హద్దులతో యంత్రముచే వేయించుట సరికాదు. అవి పరస్పరాపేక్షములని పైన చూచితిమి. పదమునకు మధ్యమమైన నడక దరువునకు విలంబితము కావచ్చును. ఆ మాటలను ఆయా సంప్రదాయము తెలిసినవారు వేయవలెను, వేసినవారెవరో గుర్తుండవలెను.

భారమంతయు యంత్రముపై మోపుట గాని, యంత్రమును త్రోసివేయుట గాని తగదు. వేలకొలది ముద్రికలలో నడక హఠాత్తుగా మాఱిన చోట్లను, ఒకే పలక యొక్క రెండు ప్రతులలో వేగము భేదించిన చోట్లను అది క్షణములో చూపగలదు. చూపినదానికి అర్థము చెప్పుట మన పని. ఆకివీడు పరిసర గ్రామములలో ఊడ్చిన చేతులు, దంచిన చేతులు, గడ వేసిన చేతులు గల వృద్ధులు నేడును కలరు. ముద్రికను వారికి వినిపించి, ఎక్కడ చేయి పడునో తాళము వేసి చూపుమని యడుగుట తెలుగు శాఖల పరిశోధక విద్యార్థులకు సాధ్యమైన కార్యము. గడులలో మొదటిదానిని, మూడవదానిని నింపగలవారు వారే. తక్కిన గడులను తరువాతి తరమువారు నింపవచ్చును. ఈ రెండింటిని మాత్రము ఇప్పుడే నింపవలెను.